కట్ట లేని నీళ్ళు

2023 నవంబరు. వరంగల్ చౌరస్తాకు కొంచెం ఇవతల, రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు నా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, నా కుర్చీ కాక మూడు కుర్చీలు, గోడకు ఒక ప్రపంచ పటం. ఇరవై రెండేళ్ళుగా టికెట్లు బుక్ చేయడమే నా పని. మొదట్లో తిరుపతి బస్సులు, తర్వాత కాశీ రైళ్ళు, ఆ తర్వాత మక్కా పోయే ఉమ్రా గ్రూపులు, ఈమధ్య విమానాలు, ఓడలు. జనం నన్ను ట్రావెల్స్ సదానందం అంటారు. నేను చేసిన ప్రయాణాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అప్పటికి సముద్రం కూడా చూడలేదు. పంక్తి అంతటికీ వడ్డించి తాను పస్తున్నవాడి సంగతే నాది.

అయినా ఒక్క మాట గొప్పగా చెప్పుకుంటాను. మధ్యాహ్నం రెండు దాటాక మా దగ్గరికి ఎవరూ రారు. కింద రోడ్డు మీద పత్తి లారీలు పోతుంటే పింజలు లేచి కిటికీ దాకా వస్తాయి. ఫ్యాను గాలికి అవి గదిలో తిరుగుతుంటాయి. ఆ వేళలో నేను కంప్యూటర్లో ఏదో ఒక పాత ఊరు తెరుస్తాను. ఇప్పుడు ప్రతి వీధికీ ఫొటోలున్నాయి కదా, బాణం గుర్తు నొక్కుకుంటూ ఎంతదూరమైనా నడిచిపోవచ్చు. జైసల్మేర్‌లో ఏ సందు మలుపులో ఏ అరుగు ఉందో, పుదుచ్చేరిలో ఏ గోడకు పసుపు రంగు వెలిసిపోయిందో నాకు తెలుసు. మా ఆవిడ "నడువకుండనే నీకు అరికాళ్ళు అరిగినయ్" అని ఎద్దేవా చేస్తుంది. చేయనివ్వండి. ఆ నడకల్లో నాకు దొరికిన ప్రశాంతత ఇంకెక్కడా దొరకలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి రజియా ఫోన్ చేసింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే యాకూబ్ భాయ్ కూతురు. చిన్నప్పటి నుంచి నాకు తెలుసు.

"అంకుల్, మా అమ్మకు, అబ్బకు ఓడ టికెట్లు తీసిన. కొచ్చిల ఎక్కుతరు, మూడు దినాలు సముద్రంల తిరిగి వస్తరు. రైలు టికెట్లు, ఓడెక్కే ముందు ఒక దినం ఉండెటందుకు హోటలు మీరే చూడాలె."

"ఓడనే ఎందుకు బిడ్డా? ఊటీకి పంపరాదు?"

"ఊటీల అయితే ఒకరు తూర్పుకు పోతరు, ఇంకొకరు పడమటికి పోతరు అంకుల్. ఓడల ఎటు పోతరు?"

నవ్వాను గానీ ఆమె నవ్వలేదు.

ఓడ ప్రయాణాలకు మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఓడ బయలుదేరే రోజున ఆ ఊరు చేరేట్టు ఎవరికీ టికెట్ చేయకూడదు. రైలు ఆలస్యమైతే ఇంకో రైలుంటుంది. ఓడ ఆగదు, ఇంకొకటి ఉండదు. అందుకని ముందురోజే చేర్చి అక్కడే ఒక హోటల్లో ఉంచుతాం. దీన్ని ప్రీ-క్రూయిజ్ స్టే అంటాం. ఓడెక్కే గడువును కటాఫ్ అంటాం. ఆ నిమిషం దాటితే మహారాజయినా ఒడ్డునే ఉండాలి. హోటలు ఎంచుకోవడంలోనే మా పనితనమంతా ఉంటుంది. ఓడరేవుకు దగ్గరుండాలి, దారి తేలికగా ఉండాలి, వాళ్ళ మనసుకు పట్టాలి.

రెండ్రోజులకు యాకూబ్ భాయ్, ఆయన భార్య జమీలక్క వచ్చారు. ఆయనకు అరవై రెండు, ఆమెకు ఓ నాలుగేళ్ళు తక్కువ. ముందు ఆయన మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. పది అంకెలు లెక్కపెట్టే వ్యవధి తర్వాత ఆమె వచ్చింది. నడుమ ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

వాళ్ళ కథ కొత్తవాడంతా తెలిసిందే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇద్దరూ ఒకే గుంత మగ్గం మీద పక్కపక్కన కూర్చొని జంపఖానాలు నేశారు. ఆరేళ్ళ కింద జమీలక్క నడుముకు ఆపరేషనై దవాఖానలో ఉన్నప్పుడు యాకూబ్ భాయ్ ఆ మగ్గం అమ్మేశాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి గుంత పూడ్చి, పైన సిమెంటు కూడా చేయించాడు. ఆమె గడపలో నిలబడి ఆ సిమెంటును చూసింది. ఎందుకు అమ్మావని అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. "అన్నం తినేటోళ్ళుంటె తినుండ్రి" అని ఆమె గోడకు చెబుతుంది. "ఉప్పు తక్కువైంది" అని ఆయన టీవీకి చెబుతాడు.

ఆ రోజు గోడ, టీవీ రెండూ నేనే అయ్యాను.

"భాయ్, హోటలు ఎట్లాంటిది కావాలె?" అని అడిగాను.

"స్టేషన్ పక్క పొంటి పెద్దది చూడు. లిఫ్టు ఉండాలె. టీవీ ఉండాలె. ఆమెకు ఏం కావాల్నో ఆమెను అడుగు."

ఆమె మూడడుగుల దూరంలోనే ఉంది. అయినా అటు తిరిగి, "అక్కా, నీకు?" అన్నాను.

"టీవీ లేనిది. కిటికీ తెరిస్తె నీళ్ళు కనబడాలె. ఆయనకు చెప్పు, స్టేషన్ పక్కన పండేటందుకు కొచ్చి దాక పోవుడెందుకు? మన స్టేషన్ కాడ లేవా లాడ్జీలు?"

"విన్నావా భాయ్, అక్క ఏమంటాందో..."

"నాకు చెవులున్నయ్. కిటికీలకెళ్ళి దోమలొస్తయని చెప్పు."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. ఇంకా అసలు ప్రశ్న మిగిలే ఉంది. గదుల్లో డబుల్ అంటే ఇద్దరికీ ఒకే పెద్ద మంచం, ట్విన్ అంటే రెండు వేర్వేరు మంచాలు. ఏ జంటనైనా ఇది అడగకుండా బుక్ చేయం. నేను నీళ్ళు నమిలి, చివరికి అడిగాను. ఇద్దరూ ఒకేసారి పటం వైపు చూశారు. ఆఫ్రికా ఖండాన్నే చాలాసేపు చూశారు. ఆ ప్రశ్నకు నేనే సిగ్గుపడి ఫైలు మూసేశాను.

మరునాడు జమీలక్క ఒక్కతే వచ్చింది. బల్ల ముందు కూర్చొని బుర్ఖా అంచు వేలికి చుట్టుకుంది.

"తమ్మీ, నీతోటి ఒక మాట చెప్తా. రజియాకు చెప్పకు. ఈ ప్రయాణంల గూడ ఆయన నోరు తెరువకుంటె నేను మళ్ళ ఆ ఇంటికి రాను. ములుగుల మా అక్క ఒక్కతే ఉంటాంది. బస్సెక్కి సీదా ఆడికే పోత. బట్టలు గూడ సదురుకున్న."

"అట్లెందుకక్కా, నువ్వే ముందు మాట్లాడరాదు?"

"తప్పు చేసింది ఎవరు? నేనా?" అని లేచింది. మెట్ల దగ్గర ఆగి, "ఆరేండ్లు జూసిన తమ్మీ. అలిసిపోయిన" అంది.

ఆ తర్వాత నాకు పని సాగలేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన హోటళ్ళన్నీ నిద్రపోవడానికీ స్నానం చేయడానికీ. ఇది ఒక సంసారానికి చూడవలసిన హోటలు. తప్పు గది చూస్తే ఆమె ములుగు బస్సెక్కుతుంది. అంత బాధ్యత నన్నెవరు తీసుకోమన్నారు? అయినా వదిలిపెట్టబుద్ధి కాలేదు.

నాలుగు మధ్యాహ్నాలు నేను కొచ్చి పాతపట్నంలో తిరిగాను. ఫోర్ట్ కొచ్చి నుంచి మట్టంచేరి దాకా, ఒడ్డు వెంట, సందు సందునా. పెంకుటిళ్ళు, తెల్ల సున్నం గోడలు, మిరియాలూ అల్లమూ ఆరబోసిన పాత గోదాములు. ఫొటోల్లో వాసన రాదు గదా, కానీ నాకు వచ్చేది. ఒక వీధిలో వాన కురిసి వెలిసినట్టుంది, రాళ్ళన్నీ మెరుస్తున్నాయి. ఆ రాళ్ళ మీద బాణం నొక్కుతూ పోతుంటే కింద చౌరస్తాలో హారన్లు ఎక్కడో దూరపు ఊళ్ళో మోగినట్టు వినిపించేవి. ఆ తిరుగుడులో ఒక సందు చివర నీలం తలుపుల మేడ కనబడింది. పాత వ్యాపారి ఇల్లట, ఇప్పుడు ఆరు గదుల హోటలు. పై గది కిటికీకి ఎదురుగా నీళ్ళు. నీళ్ళకు అవతల ఓడరేవు. లంగరు వేసిన ఒక తెల్ల ఓడ కూడా ఆ ఫొటోలో ఉంది.

ఇద్దరినీ పిలిపించాను. నడిమి కుర్చీ తీసేసి, రెండు కుర్చీలూ కంప్యూటరు ముందు దగ్గరగా వేశాను. ఇంకో చోటు నుంచి తెర కనబడదు మరి. మొదట సందులన్నీ నడిపించాను. వాళ్ళిద్దరూ మాట్లాడలేదు గానీ ముందుకు వంగారు. తలుపు దాటి, మెట్లెక్కి, గది ఫొటో తెరిచాను. మంచం, కిటికీ, నేల మీద పరిచిన ఒక చారల జంపఖానా.

యాకూబ్ భాయ్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "గీ నేత మనది గాదు" అన్నాడు తెరతో.

జమీలక్క తెర మీదికి ఇంకా వంగింది. "పేక పలచగ కొట్టిండ్రు. నాలుగు నెలలకు చిరుగుతది" అంది, ఆమె కూడా తెరతోనే.

"అంచు సుత వంకర పోయింది."

"ఒక్కడే నేసిండు. పక్కన ఎవ్వరు లేరు."

యాకూబ్ భాయ్ కుర్చీ వెనక్కి జరిపి, "సరె, గదే తీస్కో సదానందం" అన్నాడు. టీవీ లేదని చెప్పాను. చెయ్యి ఊపేశాడు. ఆ ఊపులో నేను ధైర్యం చేసి డబుల్ గదే నొక్కాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. వెళ్ళబోతూ జమీలక్క తెర మీద వేలుపెట్టి, "తమ్మీ, మన హోటలు గిక్కడ, ఓడ గక్కడ. నడుమ నీళ్ళున్నయి గదా, ఎట్ల పోవాలె?" అని అడిగింది. పటంలో ఆ నీలం గీత నా చిటికెన వేలంత ఉంది. నేను పుట్టి పెరిగింది చెరువుల జిల్లాలో. మాకు నీళ్ళంటే కట్ట ఉంటుంది. ఏ చెరువుకైనా ఈ కొస నుంచి ఆ కొసకు కట్ట మీద నడిచిపోతాం, బండ్లు కూడా పోతాయి. కట్ట లేని నీళ్ళను మేం ముగ్గురం మా జన్మలో చూడలేదు.

"పక్కనే కట్ట ఉంటది గదక్కా. పది నిమిషాల నడక" అన్నాను.

"ఆఁ, కట్ట ఉంటది" అన్నాడు యాకూబ్ భాయ్. జమీలక్క కూడా తలూపింది. ఇరవై రెండేళ్ళ అనుభవమున్న నాకు మ్యాప్‌లో రోడ్డు దూరం వేసి చూడాలని ఆ క్షణంలో తోచనేలేదు.

డిసెంబరు రెండో వారంలో రైలెక్కించాను. మరునాడు సాయంత్రానికి ఎర్నాకుళంలో దిగి, ఆటోలో పాతపట్నం చేరారు. సందు ఇరుకని ఆటో మొదట్లోనే దించేసింది. జమీలక్క నుంచి ఫోన్. నేను కంప్యూటర్లో ఆ సందు తెరిచి, "అక్కా, ఎడమకు తెల్లగోడ కనబడ్తాందా? దాని పొంటి నడువు" అన్నాను. ఇంతలో రెండో ఫోన్ మోగింది. యాకూబ్ భాయ్.

"సదానందం, ఎటు పోవాలె?"

"భాయ్, అక్కకు చెప్తాన్న గదా, పక్కనే లేదా?"

"ముందల పోతాంది."

ఇట్లా రెండు ఫోన్లు రెండు చెవులకు పెట్టుకొని, ఒకే సందులో పది అడుగుల ఎడంతో నడుస్తున్న మొగుడూ పెళ్ళాలకు ఒకే దారి రెండుసార్లు చెప్పాను. తెల్లగోడ, ఇనుప జాలీ ఉన్న కిటికీ, కుడికి మలుపు. నా తెర మీద పగలు, వాళ్ళకక్కడ మునిమాపు. వాళ్ళ చెప్పుల చప్పుడు రెండు చెవుల్లో కొంచెం ముందూ వెనకగా వినిపిస్తుంటే నేనూ ఆ రాళ్ళ మీద వాళ్ళ మధ్య నడుస్తున్నట్టే ఉంది. "నీలం తలుపు వచ్చింది" అని ముందు ఎడమ చెవిలో, తర్వాత కుడి చెవిలో విన్నాను. ఆ రోజు ఇంటికి పోతూ, చేయని ప్రయాణానికి కాళ్ళు నొస్తున్నాయనిపించింది.

మరునాడు ఓడ కటాఫ్ మధ్యాహ్నం రెండింటికి. పొద్దున తొమ్మిదింటికి జమీలక్క ఫోన్ చేసి, "కిటికీలకెళ్ళి ఓడ కనబడ్తాంది తమ్మీ, మన వేయిస్తంభాల గుడి నాలుగు పేర్చినంత ఉన్నది" అంది. గొంతులో సంబరం ఉంది. "భాయ్ ఏమంటాండు?" అని అడిగితే, "ఆయన గూడ చూస్తాండు. ఏం అంటలేడు" అంది. ఆ సంబరం అక్కడే తగ్గింది.

పదకొండింటికి పెట్టె పట్టుకొని బయలుదేరారు. పది నిమిషాల నడకే కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. పన్నెండున్నర దాటాక జమీలక్క ఫోన్.

"తమ్మీ, కట్ట లేదు."

"ఏందక్కా?"

"కట్ట లేదు తమ్మీ. ఇంత దూరం నడిచినం, మళ్ళ అంత దూరం వాపసొచ్చినం. నీళ్ళే. అవతల ఓడ కనబడ్తాంది. పోవుడెట్ల?"

మ్యాప్ తెరిచి ఇప్పుడు రోడ్డు దూరం వేశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఓడరేవు ఉన్నది ఒక దీవి మీద. వంతెన మీదుగా ఎక్కడెక్కడో చుట్టి పోవాలి. ఆటోవాళ్ళను అడగమన్నాను. ఆ పూట వంతెన దారిలో బండ్లు కదలడం లేదు, రెండింటికి చేరడం కష్టమన్నారట. పడవ ఒక్కటే దారి. ఒంటిగంటకు ఒకటుంది, దాని తర్వాతది ఇంకో గంటకు గానీ లేదు. అది తప్పితే ఓడ తప్పినట్టే.

ఇద్దరూ గంటన్నర సేపు ఆ ఒడ్డు వెంట తిరిగారు. ఒక్కరైనా రెండోవారిని "కట్ట ఏదీ?" అని అడగలేదు. ఆయన ముందు నడుస్తుంటే ఆయనకు తెలుసనుకొని ఆమె, ఆమె వెంట వస్తుంటే తెలిసే వస్తోందనుకొని ఆయన. మాట లేనిచోట గంటన్నర పోవడం ఎంతసేపు?

పడవల రేవులో టికెట్ కిటికీ దగ్గర ఆడవాళ్ళకు వేరే వరుస. మగవాళ్ళ వరుస వంకరలు తిరిగి రోడ్డు దాకా ఉంది. యాకూబ్ భాయ్ పెట్టెతో అందులో నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరుసలో నలుగురే ఉన్నారని జమీలక్క చెప్పింది.

"అక్కా, నువ్వే రెండు టికెట్లు తీసుకో" అన్నాను. తీసుకుంది. తీసుకొన్నాక వెనక నుంచి జనం తోసుకురావడంతో ఆ తోపులోనే పడవలోకి వచ్చేసింది. అప్పుడు అర్థమైంది నాకు. తన టికెట్ ఆమె చేతిలో ఉందని ఆయనకు తెలియదు. ఆయన అక్కడ వరుసలోనే, వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, ఆయనకు ఫోన్ చెయ్యి. జల్ది చెయ్యి!"

చేస్తూనే ఉన్నాను. రెండో ఫోన్లో మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. ఫోను పెట్టెలో పెట్టాడని తర్వాత తెలిసింది. ఇవతల ఫోన్లో పడవ గంట కొట్టారు. ఎవరో ఏదో మలయాళంలో అరుస్తున్నారు. వాటన్నిటి కింద నీళ్ళు చెక్కకు తగులుతున్న చప్పుడు, మెల్లగా, పట్టనట్టు. నా చెవిన పడ్డ మొదటి సముద్రం అదే. ఇంకెప్పుడైనా అయితే కళ్ళు మూసుకొని వినేవాణ్ణి.

"ఎత్తుత లేడక్కా. నువ్వే పిలువాలె."

"నేనా?"

"నువ్వు తప్ప అక్కడ ఇంకెవరున్నరు?"

"ఏమని పిలువాలె తమ్మీ?" అంది. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు, ఏ మతమైనా, మొగుడి పేరు నోట పలకరు. 'ఇగో' అంటారు, 'వింటానవా' అంటారు. పక్కన కూర్చున్న మనిషికి అది చాలు. మూడొందల మంది ఉన్న రేవులో 'ఇగో' అంటే ఎవరు తిరుగుతారు? పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆమె ఆ పేరును ఒక్కసారి కూడా పలకలేదు. గత ఆరేళ్ళుగా 'ఇగో' అని కూడా అనలేదు.

"తాడు ఇప్పుతాండ్రు తమ్మీ" అంది.

"పేరు పెట్టి పిలువక్కా."

ఒక్క క్షణం నీళ్ళ చప్పుడే వినిపించింది. తర్వాత నా చెవి గింగురుమనేట్టు, నేను ఎన్నడూ వినని గొంతుతో, "యాకూబ్!" అని అరిచింది. "ఓ యాకూబ్! ఇటు! టికెట్ నా తాన ఉన్నది! రా!"

ఎవరో నవ్వారు. ఎవరో ఆ పేరునే అందుకొని యాకూబ్, యాకూబ్ అని కేకలు వేశారు. ఆ గోలలోంచి, దూరం నుంచి ఒక మగ గొంతు లేచింది.

"ఆఁ జమీలా! వస్తాన్న! ఆగు! ఆగుమను వాళ్ళను!"

నా ఆఫీసులో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పెట్టె ధబ్బుమని పడవలో పడ్డ చప్పుడు, తర్వాత ఒక మనిషి ఆయాసం. ఇంజను మొదలైంది. ఫోను ఆమె చేతిలోనే ఉంది, పెట్టేయడం మరిచిపోయింది.

"రెండు టికెట్లు తీసినవా?" అని ఆయన.

"తీసిన."

"చెప్పద్దా మరి?"

"నువ్వు చెప్పినవా? మగ్గం అమ్ముతాన్నని నువ్వు నాకు చెప్పినవా?"

ఇంజను చప్పుడు.

"చెప్తే నువ్వు అమ్మనిస్తవా? మళ్ళ గుంతల దిగుదువు. డాక్టరు నాతోటి ఏమన్నడో నీకు తెల్వది జమీలా."

"ఏమన్నడు?"

అక్కడ నేను ఫోను పెట్టేశాను. వినాలని లేక కాదు. ఆ మాట ఆరేళ్ళుగా ఆమె కోసం ఆగి ఉంది, అందులో నాకు వాటా లేదు. కుర్చీలో కూర్చొని కళ్ళు తుడుచుకున్నాను. రెండింటికి పావుగంట ముందు ఓడెక్కారని రజియా చెప్పింది. ఆమెకు జరిగిందేదీ చెప్పలేదు. నడవడం కొంచెం ఎక్కువైందని మాత్రం చెప్పాను.

ఆ రోజు నుంచి పటంలో నీలం రంగు కనబడితే చాలు, అక్కడి మనిషికి ఫోన్ చేసి దాటేదెట్లాగని అడిగేదాకా గది బుక్ చేయను. నాలో వచ్చిన మార్పు అంతవరకే. జంటలను కలపడానికి దూరపు హోటళ్ళు చూడాలని నేను నేర్చుకోలేదు. అట్లాంటి ధైర్యం నాకు లేదు కూడా. కానీ ఇదివరకు ఒక నమ్మకముండేది, ఎదుటివాళ్ళకు ఒక్క ఇబ్బందీ రాకుండా చూడటమే మంచి ఏజెంటు లక్షణమని. ఇద్దరి మధ్యా మాటలు మోసిపెట్టడం కూడా సేవే అనుకున్నాను. నిజానికి నేను మోసినన్నాళ్ళూ వాళ్ళకు ఒకరితో ఒకరికి పని పడలేదు. నా తెలివి ఆగిపోయిన చోట, నేను పిలవలేని చోట, ఆమె పిలిచింది. ఇది నా వృత్తి నాకు నేర్పిన పాఠాల్లో కొంచెం అవమానకరమైనది, అందుకే గుర్తుండిపోయింది.

వారం తర్వాత ఇద్దరూ కలిసి మెట్లెక్కి వచ్చారు. అరటికాయ చిప్స్ పొట్లం బల్ల మీద పెట్టారు. తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్నాను.

"సదానందం, హోటలు మంచిదే గని టీవీ లేకపాయె" అని యాకూబ్ భాయ్ మొదలుపెట్టాడు.

"టీవీ ఉంటె సముద్రం జూసేటోనివా నువ్వు?" అంది జమీలక్క.

"చూసిన గదా. మొదటి దినం పొద్దు మునుగుడు నేను చూపెడితెనే నువ్వు చూసినవ్."

"నువ్వు చూపెట్టినవా! కుడి దిక్కు మునుగుతాంటె ఎడమ దిక్కు నిలబడ్డవ్."

"ఎడమ దిక్కే మునిగింది."

"కుడి దిక్కు!"

పొద్దు ఎటు మునిగిందో ఓడ దారి చూసి చెబుతానని నేను నోరు తెరిచాను. ఎవరూ ఇటు తిరగలేదు. పటంలో చూపిద్దామని లేచాను. నా చెయ్యి పక్కకు నెట్టి ఆయన ఆమెకు ఏదో చూపించాడు. అరగంట సేపు నా బల్ల ముందు వాదించుకున్నారు, వాదించుకుంటూనే మెట్లు దిగి వెళ్ళిపోయారు. పోతూ నాకు ఒక నమస్తే అయినా చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ నా వృత్తిలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.